కుటుంబ చిత్రాన్ని చదవడం ఎలా: దెగా గీసిన ‘బెలెల్లీ కుటుంబం’తో ఒక సాధన

కుటుంబాన్ని చూపే చిత్రం ముందు నిలబడితే మనకు సహజంగానే ఒక ధైర్యం వస్తుంది. యుద్ధ దృశ్యమో పురాణ ఘట్టమో అయితే వెనక ఉన్న కథ తెలియాలి. తల్లి, తండ్రి, ఇద్దరు పిల్లలు, ఒక గది అయితే అన్నీ ఎరిగినవే అనిపిస్తుంది. ఆ ధైర్యమే మనల్ని తొందరపెడుతుంది. తల్లి ముఖం గంభీరంగా ఉంటే విషాదం అనేస్తాం, మూలన కుక్క ఉంటే విశ్వాసం అనేస్తాం, తర్వాతి బొమ్మ దగ్గరికి వెళ్లిపోతాం. చిత్రకారుడు ఏళ్ల తరబడి పడిన శ్రమకు మనం ఇచ్చింది అర నిమిషం.

నా గట్టి నమ్మకం ఇది: కుటుంబ చిత్రంలో భావం ముఖాల్లో కంటే మనుషుల మధ్య ఉన్న దూరాల్లోనే ఎక్కువగా ఉంటుంది. ముందు ఆ దూరాలను చూడాలి. ప్రతీకల గురించి ఆ తర్వాత ఆలోచించాలి. ఆ కుటుంబం చరిత్ర, చిత్రకారుడి జీవితం అన్నిటికంటే చివర రావాలి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. ముందు వివరణ పలక చదివి, ఆ తర్వాత తల ఎత్తి, చదివిన దాన్ని బొమ్మలో వెతుక్కుంటారు. అలా చూస్తే చదివింది తప్ప మరొకటి కనిపించదు.

సాధన కోసం ఒకే చిత్రాన్ని మొదటి నుంచి చివరి దాకా పట్టుకుందాం. ఫ్రెంచి చిత్రకారుడు ఎడ్గార్ దెగా 1858లో ఫ్లోరెన్స్‌లో మొదలుపెట్టి, తర్వాత పారిస్‌లో చాలాకాలం పనిచేసిన ‘బెలెల్లీ కుటుంబం’ అది. ఇప్పుడు పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది. ఇంటర్నెట్‌లో పెద్ద బొమ్మ సులువుగా దొరుకుతుంది. ఫోను వద్దు, కంప్యూటర్ తెర మీద చూడండి. అసలు చిత్రం సుమారు రెండు మీటర్ల ఎత్తు, రెండున్నర మీటర్ల వెడల్పు. మనుషులు దాదాపు నిలువెత్తున ఉంటారు. ఆ కాలంలో అంత పెద్ద కాన్వాస్‌ను ఎక్కువగా చరిత్ర, పురాణ ఘట్టాలకు కేటాయించేవారు. ఒక మామూలు ఇంటి గదికి, నలుగురు మనుషులకు అంత చోటు ఇవ్వడంలోనే ఒక ప్రకటన ఉంది. ఏ చిత్రానికైనా కొలతలు ముందే తెలుసుకోవడం మంచిది. తెర మీద అన్ని బొమ్మలూ ఒకే సైజులో కనిపిస్తాయి కాబట్టి ఈ విషయం మన కళ్లను సులువుగా దాటిపోతుంది.

మొదటి అడుగు: పేర్లు పెట్టకుండా వర్ణించండి

కాగితం తీసుకుని కనిపించేది మాత్రమే రాయండి. “భార్య”, “భర్త” అని కూడా రాయకండి. అవి అప్పుడే వ్యాఖ్యానాలు. “దిగులుగా”, “కోపంగా” లాంటి మాటలు అసలే వద్దు. నా వర్ణన ఇలా ఉంటుంది:

లేత నీలి గోడ, దాని మీద చిన్న తెల్లని పూల నమూనా. ఎడమవైపు నల్లని దుస్తుల్లో నిలబడిన స్త్రీ. ఆమె చెయ్యి ఒకటి తన ముందున్న బాలిక భుజం మీద ఉంది, రెండో చేతి వేళ్లు బల్ల మీద ఆని ఉన్నాయి. ఆ బాలిక చేతులు ముందుకు కట్టుకుని నిలబడింది. మధ్యలో కుర్చీ మీద మరో బాలిక, చేతులు నడుము మీద. ఒక కాలు కిందికి మడుచుకోవడంతో మనకు ఒక కాలే కనిపిస్తుంది. ఇద్దరివీ నల్లని గౌన్లు, పైన తెల్లని ఏప్రన్లు. కుడివైపు నల్లని చేతుల కుర్చీలో ఒక పురుషుడు, వీపు మనవైపు, ముఖం పక్కకు తిరిగి ఉంది. అతని దగ్గర చలిమంట గూడు, దాని మీద గడియారం, కొవ్వొత్తి, పైన అద్దం. స్త్రీ తల వెనక గోడకు ఫ్రేము కట్టిన ఒక వృద్ధుడి చిత్తరువు. కుడి కింది మూలన చిన్న నల్ల కుక్క. దాని తల బొమ్మ అంచు దాటి బయటికి పోయింది.

ఇది విసుగు పుట్టించే పనిలా ఉంటుంది, కానీ దీన్ని దాటేయకండి. రాస్తున్నప్పుడే కుక్క తల లేదని గమనిస్తారు, బాలిక కాలు ఒకటే ఉందని గమనిస్తారు. ఊరికే చూస్తే ఈ రెండూ కంటికి ఆనవు.

రెండో అడుగు: చూపులకు గీతలు గీయండి

బొమ్మను అచ్చు తీసుకుని, ఒక్కొక్కరి కళ్ల నుంచి చూపు వెళ్లే దిక్కుకు పెన్సిల్‌తో గీత గీయండి. తల్లి చూపు అందరి మీదుగా ఎటో దూరంగా వెళ్తుంది. పెద్ద బాలిక నేరుగా మనల్ని చూస్తోంది. చిన్న బాలిక చూపు పక్కకు, బొమ్మ బయటికి పోతోంది. పురుషుడు తల తిప్పి తన వాళ్లవైపు చూస్తున్నట్టున్నాడు, కానీ అటు నుంచి ఎవరూ బదులు చూడడం లేదు. నాలుగు గీతల్లో ఏ రెండూ కలవవు.

ఇంత దొరికింది కదా అని వెంటనే ముడిపెట్టేయకండి. వాన్ గోహ్ 1885లో నెదర్లాండ్స్‌లోని న్యూనెన్ గ్రామంలో గీసిన ‘బంగాళాదుంపలు తినేవాళ్లు’ చూడండి. ఒకే నూనె దీపం కింద ఐదుగురు భోజనానికి కూర్చున్నారు. అక్కడా చూపులు సరిగా కలుసుకోవు. అయినా ఆ చిత్రం చెప్పేది విడిపోవడం గురించి కాదు, ఎందుకంటే అక్కడ చేతులు ఒకే పళ్లెంలోకి వెళ్తున్నాయి. నేలను తవ్విన చేతులతోనే వాళ్లు ఆ దుంపలను తింటున్నారని, ఆ తిండి వాళ్లు నిజాయతీగా సంపాదించుకున్నదని చూపాలనుకున్నట్టు వాన్ గోహ్ తమ్ముడు థియోకు రాశాడు. చూపులు చెప్పినదాన్ని చేతులు మార్చేయగలవు. అందుకే తర్వాతి అడుగు చేతులది.

మూడో అడుగు: ఎవరు ఎవరిని తాకుతున్నారు?

బెలెల్లీ చిత్రంలో ఒకే ఒక్క స్పర్శ ఉంది: తల్లి చెయ్యి పెద్ద కూతురి భుజం మీద. మిగతా చేతులన్నీ తమను తామే పట్టుకున్నాయి, లేదా వస్తువులను ఆనుకున్నాయి. చిన్న బాలిక తన నడుమును తానే పట్టుకుంది. తల్లి రెండో చెయ్యి బల్ల మీద. ఆ చేతిని పెద్దది చేసి చూడండి. అరచెయ్యి వాలలేదు, వేళ్ల చివర్లు మాత్రమే ఆనాయి. అలసి ఆనుకున్నట్టు కాదు, ఒంటిని నిటారుగా నిలబెట్టుకోవడానికి ఆనుకున్నట్టుంది.

భంగిమను నిజంగా తెలుసుకోవాలంటే ఉత్తమమైన దారి మీరూ అలా నిలబడటమే. లేచి, ఒక చెయ్యి కుర్చీ వీపు మీద పెట్టి, రెండో చేతి వేళ్లను బల్ల అంచున ఆనించి, గడ్డం కాస్త ఎత్తి, ఒక నిమిషం ఉండండి. మెడ బిగుసుకుంటుంది. ఆ తర్వాత చిన్న బాలికలా ఒక కాలు మడుచుకుని కూర్చోండి. ఎంత హాయిగా ఉంటుందో, ఎంత తొందరగా లేచిపోవాలనిపిస్తుందో తెలుస్తుంది. ఆ గదిలో కదలిక ఉన్న ఒకే ఒక్క మనిషి ఆ పిల్ల. నాకు ఈ చిత్రంలో అందరికంటే ఇష్టమైనదీ ఆమే. తల్లి పక్షానికీ తండ్రి పక్షానికీ మధ్య కూర్చుని, ఎటూ పూర్తిగా చెందకుండా ఉంది.

నాలుగో అడుగు: గీతలు, ఖాళీలు

కళ్లు సగం మూసి చూడండి. వివరాలు మసకబారి పెద్ద ఆకారాలే మిగులుతాయి. ఎడమవైపు తల్లి, కూతుళ్లు కలిసి ఒక నల్లని త్రికోణం, శిఖరాన తల్లి తల. కుడివైపు కుర్చీలో కుదురుకున్న మరో ముద్ద. రెండింటి మధ్య ఏముందో చూడండి: బల్ల కాలు, చలిమంట గూడు అంచు, కొవ్వొత్తి, అద్దం ఫ్రేము. ఒకదాని పైన ఒకటిగా నిలువు గీతలు. గదిలో గోడ కట్టకుండానే దెగా అక్కడ గోడ కట్టాడు.

ఎత్తులు కూడా చూడండి. తల్లి నిలబడి ఉంది, తండ్రి కూర్చుని ఉన్నాడు. మన తెలుగు ఇళ్లలోని పాత స్టూడియో ఫోటోలు గుర్తు తెచ్చుకుంటే తేడా సులువుగా తెలుస్తుంది. వాటిలో ఇంటి పెద్ద మధ్యలో కుర్చీలో కూర్చుంటాడు, కోడళ్లు వెనక నిలబడతారు. అక్కడ కూర్చోవడమే అధికారం. ఇక్కడ కూర్చున్నవాడికి మధ్య స్థానం లేదు, మనవైపు ముఖం లేదు. అధికారం నిలబడ్డ ఆమెది. కాబట్టి “కూర్చుంటే అధికారం” అని సూత్రం రాసుకోకండి. ఎవరు ఎక్కడ, ఎటు తిరిగి కూర్చున్నారన్నది ప్రతి చిత్రంలోనూ కొత్తగా చూడాల్సిందే.

ఐదో అడుగు: రంగు, వెలుగు

ఇక్కడ రెండు ప్రశ్నలు చాలు. ఏ రంగు ఎక్కువ చోటు ఆక్రమించింది? వెలుగు ఎవరి మీద పడింది? బెలెల్లీ ఇంట్లో నలుపు, తెలుపు, చల్లని నీలం. వెచ్చని రంగులు చాలావరకు తండ్రి ఉన్న వైపునే ఉన్నాయి. పైన చెప్పిన వాన్ గోహ్ చిత్రం మొత్తం మట్టిరంగు. తొక్క తీయని, దుమ్ము పట్టిన బంగాళాదుంప రంగులో మనుషుల్ని గీశానని అతనే చెప్పుకున్నాడు.

నలుపు గురించి ఒక్క మాట. అది ఆ చోట, ఆ కాలంలో ఏ అర్థంలో వాడేవారో తెలుసుకోకుండా ముందుకు వెళ్లకూడదు. పందొమ్మిదో శతాబ్దపు ఐరోపాలో కుటుంబంలో ఎవరైనా పోతే నల్ల దుస్తులు వేసుకునేవారు. మన దగ్గర భర్త పోయిన స్త్రీకి తెల్ల చీర కట్టించేవారు. తెలుపు చూసి ఒక తెలుగు పాఠకుడికి కలిగే ఉలికిపాటు ఫ్లోరెన్స్‌లోని పిల్లల ఏప్రన్ల దగ్గర పనికిరాదు. అవి రోజువారీ ఏప్రన్లు మాత్రమే. నల్ల గౌన్లే ఆ ఇంట్లో చావును చెబుతున్నాయి.

ఆరో అడుగు: ప్రతీకలు

ఇంటర్నెట్‌లో ప్రతీకల జాబితాలు కుప్పలుగా ఉన్నాయి. కుక్క అంటే విశ్వాసం, కొవ్వొత్తి అంటే జీవితం, అద్దం అంటే సత్యం, గడియారం అంటే కాలం. ఈ జాబితాలంటే నాకు గౌరవం లేదు. ఒక వస్తువు ప్రతీక కావడానికి ముందు అది వస్తువు. గడియారం సమయం చూసుకోవడానికి ఉంటుంది. దాన్ని ప్రతీక అనాలంటే చిత్రమే రుజువు ఇవ్వాలి.

రుజువు కోసం నేను మూడు విషయాలు చూస్తాను. ఆ వస్తువు ఉన్న చోటు మామూలుదేనా, లేక చిత్రకారుడు పనిగట్టుకుని అక్కడ పెట్టాడా? దాని ఆకారమో రంగో చిత్రంలో మరోచోట తిరిగి వస్తోందా? దాన్ని చేతితో మూసేసి చూస్తే చిత్రం అర్థం మారుతోందా?

గోడ మీది వృద్ధుడి చిత్తరువును ఈ మూడింటితో పరీక్షించండి. అది సరిగ్గా తల్లి తల వెనక ఉంది. వేలితో మూసేస్తే ఆమె ఒంటరి అయిపోతుంది. వేలు తీస్తే ఆమె తల పక్కన పుట్టింటి అండ ఉన్నట్టుంటుంది. ముసలి తరం, ఆమె, ఆమె కూతురు ఒకే వైపున వరుసగా ఉన్నారు. భర్త ఆ వరుసలో లేడు. ఇది నిలబడే ప్రతీక.

కుక్క సంగతి వేరు. జాబితా ప్రకారం విశ్వాసం అనాలి. కానీ ఈ కుక్క తల బయటపెట్టి గదిలోంచి జారుకుంటోంది. విశ్వాసానికి గుర్తు అయితే ఎవరో ఒకరి పాదాల దగ్గర ఉండాలి. దీన్ని మూసి చూస్తే కుటుంబ సంబంధాల్లో ఏమీ మారదు, కానీ గదిలోని బిగువు ఇంకా పెరుగుతుంది. ఊపిరాడని చోటు నుంచి ఒక ప్రాణి మామూలుగా నడిచి వెళ్లిపోతోందన్న స్పృహ పోతుంది. దీన్ని ప్రతీక అనడం కంటే స్వరం మార్చే చిన్న మెట్టు అనడం నాకు నచ్చుతుంది. గడియారం, కొవ్వొత్తి విషయంలో నాకు రుజువు చాలలేదు. నిలువు గీతల్లో కొవ్వొత్తి చేస్తున్న పని నిజం. అంతకు మించి చెప్పను.

ప్రతీకల వేటలో ఎంత జాగ్రత్త అవసరమో లండన్ నేషనల్ గ్యాలరీలోని ‘ఆర్నొల్ఫీనీ దంపతులు’ నేర్పుతుంది. యాన్ వాన్ ఐక్ 1434లో గీశాడు. పగటిపూట వెలుగుతున్న ఒంటరి కొవ్వొత్తి, కాళ్ల దగ్గర కుక్క, వెనక గుండ్రని అద్దం. కళా చరిత్రకారుడు ఎర్విన్ పనోఫ్‌స్కీ 1934లో వీటన్నిటినీ పెళ్లికి సాక్ష్యంగా, దాగిన ప్రతీకలుగా చదివాడు. దశాబ్దాల పాటు ఆ వ్యాఖ్యానమే పాఠ్యాంశం అయింది. తర్వాత పరారుణ కిరణాలతో పరీక్షిస్తే రంగుల అడుగున ఉన్న మొదటి గీతల్లో కుక్క లేదని తేలింది. దాన్ని తర్వాత చేర్చాడు. ఆ స్త్రీ గర్భవతి అనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు, కానీ బరువైన గౌను కుచ్చిళ్లను పొట్ట ముందు ఎత్తి పట్టుకోవడం అప్పటి పద్ధతి. దుస్తుల చరిత్ర తెలియకపోతే లేని కథ పుడుతుంది.

ఏడో అడుగు: చిత్రంలో లేనివాళ్లు

కుటుంబ చిత్రంలో రానివాళ్లను లెక్కపెట్టడం మరచిపోకండి. దీనికి బెలెల్లీ కంటే మంచి ఉదాహరణ మన దగ్గరే ఉంది. రాజా రవివర్మ 1893లో గీసిన ‘అదిగో నాన్న’. నాయర్ స్త్రీ వేషంలో ఒక యువతి, చంకలో బిడ్డ, పక్కన కుక్క. ఆమె వేలు చూపి బిడ్డకు చెబుతోంది. నాన్న మాత్రం చిత్రంలో లేడు. రవివర్మ అచ్చుబొమ్మలు తెలుగు ఇళ్ల గోడల మీద, క్యాలెండర్ల మీద తరాలుగా ఉన్నాయి కాబట్టి ఆయన స్త్రీల ముఖాలు మనకు కొత్త కావు. అందుకే ఈ బొమ్మను ముచ్చటైన ఇంటి దృశ్యంగా చూసి ఊరుకుంటాం.

కానీ ఆ కాలపు కేరళ నాయర్ కుటుంబాల్లో వంశం తల్లి వైపు నుంచి సాగేది. ఇంటి పెద్ద మేనమామ. తండ్రి ఆ ఇంటి సభ్యుడు కాదు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఈ పద్ధతిని మార్చాలా వద్దా అన్న వాదన జోరుగా సాగుతోంది. అలాంటి స్త్రీపురుష సంబంధాలను చట్టబద్ధ వివాహాలుగా నమోదు చేసుకునే వీలిస్తూ 1896లో మలబారు వివాహ చట్టం వచ్చింది. ఆ నేపథ్యంలో తల్లీబిడ్డలు తండ్రి రాక కోసం ఎదురుచూస్తున్న చిత్రం తియ్యని దృశ్యంగా మిగలదు. కుటుంబం అంటే ఎవరు అన్న ప్రశ్నలో అది ఒక పక్షం తీసుకుంటోంది. ఇక్కడ చిత్రం పేరే పెద్ద ఆధారం. పేరును మూసేసి చూడండి, ఆమె దేన్నైనా చూపిస్తూ ఉండవచ్చు.

ఎనిమిదో అడుగు: ఇప్పుడు చరిత్ర తెరవండి

తల్లి లారా, దెగాకు మేనత్త. భర్త జెన్నారో బెలెల్లీ నేపుల్స్ పాత్రికేయుడు. 1848 తిరుగుబాటులో పాల్గొని దేశం విడిచి, ఫ్లోరెన్స్‌లో అద్దె ఇంట్లో ఉంటున్నాడు. పెద్ద పిల్ల జొవాన్నాకు సుమారు పదేళ్లు, చిన్నది జూలియాకు ఏడేళ్లు. గోడ మీది వృద్ధుడు లారా తండ్రి ఇలేర్. ఆయన 1858 ఆగస్టు చివర నేపుల్స్‌లో చనిపోయాడు. అందుకే నల్ల దుస్తులు. అప్పటికి లారా గర్భవతి అని చరిత్రకారులు చెబుతారు. భర్త స్వభావం భరించలేనిదని, అతనికి సరైన పని లేదని, పరాయి ఊళ్లో తన బతుకు దుర్భరంగా ఉందని ఆమె మేనల్లుడికి ఉత్తరాలు రాసింది.

ఇవన్నీ మొదటే తెలిసి ఉంటే మీరు చిత్రాన్ని చూసేవారు కాదు, లారా ఉత్తరాలను బొమ్మగా చూసేవారు. ఇప్పుడు మీ దగ్గర మీరు స్వయంగా గమనించిన దూరాలు ఉన్నాయి, చరిత్ర వాటికి కారణాలు ఇస్తుంది.

నా దృష్టిలో ఉత్తరాల కంటే విలువైన వివరం మరొకటి ఉంది. ఈ నలుగురూ దెగా ముందు ఇలా కలిసి కూర్చోలేదు. ఒక్కొక్కరిని విడివిడిగా గీసుకుని, చేతుల్ని వేరుగా అభ్యాసం చేసి, ఆ తర్వాత పెద్ద కాన్వాస్ మీద కూర్చాడు. అంటే ఆ ఖాళీలు, ఆ కలవని చూపులు ఫోటోలోలా దొరికినవి కావు, తీసుకున్న నిర్ణయాలు. మీరు వాటికి అర్థం వెతకడం న్యాయమే.

తొమ్మిదో అడుగు: చిత్రకారుడు ఎవరి పక్షం?

దెగా లారా రక్తబంధువు. ఆ ఇంటి కథను ఆమె నోటి నుంచే విన్నాడు. ఆమెకు ఠీవి ఇచ్చాడు, ఎత్తు ఇచ్చాడు, వెనక తండ్రి అండ ఇచ్చాడు. భర్తకు వీపు ఇచ్చాడు. ఇది తీర్పులా ఉంది. ఇప్పుడు మళ్లీ రెండో అడుగులో గీసిన గీతల దగ్గరికి వెళ్లండి. నలుగురిలో మిగతావాళ్లవైపు తల తిప్పినవాడు జెన్నారో ఒక్కడే. మేనత్త పక్షాన నిలబడి గీస్తూ కూడా దెగా ఆ తల తిప్పడాన్ని వదిలిపెట్టలేదు. అతని మీద కోపంగా ఉన్న చేతి నుంచి ఇది రావడం చూస్తే, ఈ చిత్రాన్ని అత్త తరఫు ఫిర్యాదుగా మాత్రమే చదవడానికి నాకు మనసొప్పదు.

రాయడం

మీ వ్యాఖ్యానం రాసేటప్పుడు ప్రతి వాక్యాన్నీ అడగండి: ఇది కనిపించిందా, అనిపించిందా, ఎక్కడైనా చదివి తెలుసుకున్నదా? మూడింటినీ కలగలపకుండా రాస్తే చాలు, చదివేవారు మీతో వాదించగలరు. ఒక పేరా ఇలా ఉండవచ్చు:

“చిన్న కూతురు చిత్రం మధ్యలో ఉంది, కానీ చిత్రం ఆమె చుట్టూ తిరగదు. ఒంటిపై నల్ల గౌను తల్లి వైపుది, కుర్చీలో కూర్చున్న తీరు తండ్రి వైపుది. మడిచిన కాలు వల్ల ఆమె ఇంకాసేపట్లో లేచి పరుగెత్తేలా కనిపిస్తుంది. అక్క అప్పటికే తల్లి నిలబడే తీరును నేర్చుకుంది. చెల్లెలు ఇంకా నేర్చుకోలేదని నాకు అనిపిస్తుంది. ఆ ఏడాది వాళ్ల తాతగారు చనిపోయారని చరిత్ర చెబుతోంది, కానీ ఈ పిల్ల భంగిమలో సంతాపం కంటే విసుగు ఎక్కువ ఉంది.”

పేరా కింద చిత్రకారుడి పేరు, చిత్రం పేరు, కాలం, కొలతలు, అది ఉన్న మ్యూజియం రాయండి. అసలు చిత్రాన్ని చూశారా, అచ్చును చూశారా అన్నది కూడా రాయండి, రంగుల గురించి మీరన్న మాటకు దాన్ని బట్టే విలువ ఉంటుంది.